వ్యసన విముక్తి సంస్థల నాయకత్వం

మద్యం, మత్తుమందుల వ్యసనానికీ, దానితో పెనవేసుకున్న మానసిక సమస్యలకూ చికిత్స చేసే లాభాపేక్ష లేని సంస్థల్లో పాలకమండలి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, మెడికల్ డైరెక్టర్, క్లినికల్ డైరెక్టర్, ఆర్థికాధికారి కలిస్తే నాయకత్వ బృందం అవుతుంది. పదవుల పేర్లు ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా వినిపించేవే. కానీ గుండె ఆసుపత్రి డైరెక్టర్‌కు ముందు గుండెపోటు వచ్చి ఉండాలని ఎవరూ కోరరు. ఇక్కడ ఆ లెక్క వేరు. తాగి మానినవాళ్లు నడపాలా, డాక్టర్లు నడపాలా, జమాఖర్చులు తెలిసినవాళ్లు నడపాలా అన్న తగవు ఈ రంగం పుట్టినప్పటి నుంచీ ఉంది; ఈనాటికీ తేలలేదు. తేలకపోవడమే మేలైందని చరిత్ర చూస్తే అనిపిస్తుంది. అడ్డు చెప్పేవాళ్లు లేకుండా ఒక్కరి చేతికే పెత్తనం దక్కిన చోట ఏం జరిగిందో ఈ వ్యాసంలోనే కనిపిస్తుంది.

ఇలాంటి సంస్థలు విస్తారంగా పెరిగిందీ, వాటి నాయకత్వానికి చట్టం ఒక రూపం ఇచ్చిందీ అమెరికాలో. అందువల్ల ఇక్కడ చెప్పే సంగతుల్లో ఎక్కువ భాగం అక్కడివే. మిన్నెసోటా రాష్ట్రంలోని హేజల్డెన్ సంస్థ కథ వీటికి వెన్నెముక.

తొలి రోజులు

1935లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో దివాలా తీసినవాళ్లే. ఒకరి గోడు ఒకరు వినడమే మందుగా పనిచేస్తుందని కనిపెట్టి, ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘానికి పునాది వేశారు. తెలుగు ఊళ్లలోనూ దీన్ని ‘ఏఏ మీటింగు’ అనే అంటారు. సంఘం డబ్బు వ్యవహారాలు చూడటానికి 1938లో ఒక ఫౌండేషన్ పెట్టినప్పుడు బోర్డులో తాగుడు అలవాటు లేనివాళ్లకే మెజారిటీ ఇచ్చారు. తాగి మానినవాళ్ల చేతికి డబ్బు ఇస్తే ఏమవుతుందోనన్న భయం బయటివాళ్లది మాత్రమే కాదు, లోపలివాళ్లదీ. ఆ లెక్క తిరగబడటానికి 28 ఏళ్లు పట్టింది. 1966 నుంచి మూడింట రెండు వంతులు కోలుకున్నవాళ్లకు, ఒక వంతు బయటివాళ్లకు అని మార్చారు. నేడు ఆ బోర్డులో ఉండే 21 మందిలో 14 మంది కోలుకున్నవాళ్లు, ఏడుగురు కానివాళ్లు. మొత్తం తమవాళ్లతోనే నింపుకోవచ్చు కదా అని అడిగేవాళ్లకు ఆ ఏడు కుర్చీలే జవాబు.

జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1938లో వీళ్లకు 5,000 డాలర్లు మాత్రమే ఇచ్చి, ఇంతకంటే ఎక్కువిస్తే డబ్బే ఈ పనిని చెడగొడుతుందని ఆగిపోయారు. ఇవ్వగలిగినవాడు ఇవ్వకపోవడం వల్ల మేలు జరిగిన సందర్భాలు చరిత్రలో తక్కువ. అది వాటిలో ఒకటి.

ఆ రోజుల్లో తాగినవాళ్లను చాలా ఆసుపత్రులు చేర్చుకునేవి కావు. ఏక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో అడ్మిషన్ల బాధ్యత సిస్టర్ ఇగ్నేషియా అనే ఐర్లండ్ సంతతి సన్యాసినిది. సంగీతం టీచరుగా పనిచేసి, ఆరోగ్యం దెబ్బతిని, ఆ కౌంటర్ దగ్గరికి వచ్చిన మనిషి. 1939 ఆగస్టులో డాక్టర్ బాబ్ బతిమాలితే ఒక రోగిని ‘తీవ్రమైన గ్యాస్ట్రైటిస్’ అని రిజిస్టరులో రాసి చేర్చుకుంది. మిగతా రోగుల పక్కన పడుకోబెడితే గొడవ అవుతుందని, రోగులకు వచ్చిన పూలగుత్తులు సర్దుకునే చిన్న గదిలోకి అతని మంచం తోయించింది. ఆమె డాక్టరు కాదు, డైరెక్టరు కాదు. ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించే కుర్చీలో కూర్చుంది, అంతే. వ్యసన చికిత్స చరిత్రలో ఆమె పేరు నిలిచింది. అప్పట్లో ఆ ఆసుపత్రిని నడిపినవాళ్ల పేర్లు ఇవాళ ఎంతమందికి తెలుసు?

సెంటర్ సిటీ పొలం

1949లో మిన్నెసోటాలోని సెంటర్ సిటీ అనే చిన్న ఊళ్లో, చెరువు ఒడ్డున ఉన్న ఒక పొలం ఇంట్లో హేజల్డెన్ మొదలైంది. పాత యజమాని తన భార్య హేజల్ పేరు మీద ఆ పొలానికి పెట్టుకున్న పేరే సంస్థకూ మిగిలింది. సెయింట్ పాల్ నగరపు బ్యాంకరు రిచర్డ్ లిల్లీ ఆ ఆస్తి కొని ఇచ్చారు. మొదట క్రైస్తవ మతాధికారుల కోసం అనుకున్నారు, తరువాత వృత్తి నిపుణుల కోసం అని మార్చుకున్నారు. నడిపే పని లిన్ కారల్‌ది. ఆయన లాయరు, తాగి మానినవాడు.

తొలినాళ్ల నిబంధనలు చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పద్ధతిగా ఉండాలి, ఏఏ పన్నెండు మెట్ల (కోలుకోవడానికి ఆ సంఘం పెట్టుకున్న పన్నెండు సూత్రాల) మీద చెప్పే పాఠాలకు రావాలి, తోటివాళ్లతో మాట్లాడాలి, తాగకూడదు, పొద్దున లేచి తన మంచం తనే సర్దుకోవాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి దుప్పటి ఎవరు మడుస్తున్నారో కూడా చూసుకోని మనిషికి అది చిన్నది కాదు. కారల్ నమ్మకం సూటిగా ఉండేది: తాగుడు మానడానికి మానినవాడి మాట చాలు, సైకాలజిస్టులు ఎందుకు?

ఇక్కడ చికిత్స పొందిన ప్యాట్రిక్ బట్లర్ అనే ధనిక కుటుంబీకుడి చేతికి 1950ల మొదట్లో సంస్థ వచ్చింది. బట్లర్‌కు ఇంకో ఊరి సంగతులు తెలుసు. అదే రాష్ట్రంలోని విల్మర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో సూపరింటెండెంట్ డాక్టర్ నెల్సన్ బ్రాడ్లీ, యువ సైకాలజిస్టు డేనియల్ యాండర్సన్ కొత్త పద్ధతులు పెడుతున్నారు. తాగుబోతుల వార్డుకు వేసే తాళాలు తీసేశారు. పారిపోయేవాళ్లు పెరుగుతారనుకుంటే తగ్గారు. వార్డులో డాక్టరు, నర్సు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, పాస్టరులతో పాటు తాగి మానినవాళ్లను కూడా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వాళ్లకు జీతం ఇవ్వాలంటే ప్రభుత్వ ఉద్యోగాల పట్టికలో పేరు ఉండాలి. 1954లో మిన్నెసోటా ప్రభుత్వం ‘మద్యవ్యసన కౌన్సెలర్’ అనే ఉద్యోగాన్ని సృష్టించింది. కావలసిన అర్హతల్లో ఒకటి: రెండేళ్లుగా మద్యం ముట్టకుండా ఉండటం. ఒకనాటి తాగుడు ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హత కాకుండా, అనుభవం కింద జమ అయింది.

బట్లర్ 1961లో యాండర్సన్‌ను హేజల్డెన్ డైరెక్టర్‌గా తెచ్చారు. తగవు మొదలైంది. ఒక వైపు కారల్, ఆయనతో పాటు మానినవాళ్లు. ఇంకో వైపు డిగ్రీలు ఉన్న యాండర్సన్ మనుషులు. పాఠాలు ఎవరు చెప్పాలి, రోగి కాగితాల్లో ఏం రాయాలి, మానసిక పరీక్షలు అవసరమా అన్న ప్రతి దాని మీదా వాదనే. 1966లో కారల్ వెళ్లిపోయారు. యాండర్సన్ 1986 వరకు ఉన్నారు. ఆ కాలంలో స్థిరపడిన పద్ధతిని ‘మిన్నెసోటా మోడల్’ అంటారు. ప్రపంచంలో వ్యసన చికిత్స చేసే సంస్థల్లో చాలావాటి పునాది అదే. గెలిచింది యాండర్సన్ అని చరిత్రకారులు రాస్తారు గానీ, కారల్ వాదన కూడా పూర్తిగా ఓడలేదు. ఆ మోడల్‌లో మానినవాళ్ల కుర్చీ అలాగే ఉంది. వాళ్లు చెప్పినదాన్ని కాదనగలిగే ఇంకొన్ని కుర్చీలు పక్కన వచ్చాయి. అంతే తేడా.

హేజల్డెన్ ఆర్థికంగా నిలదొక్కుకోవడంలో పుస్తకాల పాత్ర చాలామందికి తెలియదు. 1954లో రోజుకొక పేజీ చదువుకునే ఒక చిన్న ప్రార్థనా పుస్తకం ప్రచురణ బాధ్యత తీసుకున్నారు. అది లక్షల ప్రతులు అమ్ముడైంది. చికిత్స ఖర్చుకు పుస్తకాల ఆదాయం తోడైంది. లాభాపేక్ష లేని సంస్థకు లాభం రాకూడదని కాదు. వచ్చినదాన్ని పంచుకోకూడదు, తిరిగి పనిలో పెట్టాలి.

ఒక్కడే నాయకుడైతే

1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే మనిషి సినానన్ అనే సంస్థ పెట్టారు. ఆయన కూడా ఏఏలో మానినవాడే. హెరాయిన్‌కు బానిసలైనవాళ్లను మామూలు వైద్యం వదిలేసిన కాలంలో, వాళ్లను ఒకచోట చేర్చి, పని ఇచ్చి, మందు లేకుండా బతికించి చూపించారు. పత్రికలు ఆకాశానికెత్తాయి. సెనేటర్లు వచ్చి చూసిపోయారు. అక్కడి ముఖ్య చికిత్స పేరు ‘గేమ్’: గుండ్రంగా కూర్చుని ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవడం.

సినానన్‌లో డాక్టరు అధికారం లేదు. డెడెరిక్‌ను కాదనగల బోర్డు లేదు. కొన్నేళ్లకు ఎవరూ బయటికి వెళ్లనక్కర్లేదని, జీవితాంతం అక్కడే ఉండాలని ఆయన తేల్చారు. సంస్థను మతంగా ప్రకటించారు. ఆ తర్వాత స్త్రీ పురుషులందరూ గుండు కొట్టించుకోవాలన్నారు. మగవాళ్లకు బలవంతపు వ్యాసెక్టమీలు, గర్భిణులకు బలవంతపు అబార్షన్లు. 1977లో దంపతులందరూ విడిపోయి వేరే జంటలు కట్టాలన్న ఆజ్ఞ. 1978 అక్టోబరులో సంస్థ మీద కేసు గెలిచిన పాల్ మొరాంట్జ్ అనే లాయరు తన ఇంటి గోడలోని ఉత్తరాల పెట్టెలో చెయ్యి పెడితే పాము కాటేసింది. అది గిలకపాము. చప్పుడు వినిపించకుండా సినానన్ మనుషులు దాని తోక గిలక ముందే కోసేశారు. అదే ఏడాది డిసెంబరులో పోలీసులు అరెస్టు చేయడానికి వెళ్లేసరికి, వేలమందిని మత్తు మాన్పించానని చెప్పుకున్న డెడెరిక్ మళ్లీ తాగి ఉన్నారు. పాయింట్ రేయిస్ లైట్ అనే చిన్న వారపత్రిక ఈ బాగోతాన్ని బయటపెట్టి 1979లో పులిట్జర్ బహుమతి అందుకుంది. పన్ను మినహాయింపు పోయాక, 1991లో సినానన్ మూతపడింది.

ఈ రంగంలో నాయకత్వం గురించి రాసేవాళ్లు సినానన్‌ను ఒక పేరాలో దాటేస్తారు. అది సరికాదు. డెడెరిక్ మొదట మోసగాడు కాదు. ఆయన దగ్గర కోలుకున్నవాళ్లు నిజంగానే కోలుకున్నారు. ‘ఈయన వల్లే నేను బతికాను’ అనుకునే మనుషులు చుట్టూ ఉన్నప్పుడు ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి. మిగతా వ్యాపారాల్లో ఉద్యోగి బాస్‌ను వదిలి వెళ్లిపోగలడు. ఇక్కడ వదిలి వెళ్తే మళ్లీ తాగుతానేమో, చస్తానేమో అన్న భయం అతన్ని కట్టిపడేస్తుంది. ఈ సంస్థల్లో బోర్డు అవసరం ఆ భయంలో నుంచి పుట్టింది.

సినానన్ నమూనాను చూసి వచ్చినవే అయినా కొన్ని సంస్థలు వేరే దారి పట్టాయి. న్యూయార్క్‌లో 1967లో హెరాయిన్ మానిన ఆరుగురు ఒక ఇంట్లో కలిసి ఉండటంతో ఫీనిక్స్ హౌస్ మొదలైంది. మిచెల్ రోసెంథాల్ అనే సైకియాట్రిస్టు దానికి సంస్థ రూపం ఇచ్చారు.

చట్టం తెచ్చిన కుర్చీలు

అయోవా సెనేటర్ హెరాల్డ్ హ్యూస్ తాగుడు మానిన మనిషి. ఆ సంగతి దాచుకోలేదు. ఆయన పట్టుదలతో వచ్చిన మద్యవ్యసన చికిత్స చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1970 డిసెంబరు 31న సంతకం చేశారు. ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలయ్యాక లెక్కలు అడగడమూ మొదలైంది. నాయకత్వ బృందంలోకి కొత్త మనుషులు అలా వచ్చారు.

పన్నుల చట్టం 501(సి)(3) కింద గుర్తింపు పొందిన సంస్థకు పాలకమండలి ఉంటుంది. సభ్యులు సాధారణంగా జీతం లేకుండా పనిచేస్తారు. ముఖ్య కార్యనిర్వహణాధికారిని నియమించేదీ, తీసేసేదీ వాళ్లే. పై అధికారుల జీతాలు ఫారం 990 అనే వార్షిక పత్రంలో రాయాలి, అడిగినవాళ్లకు ఆ పత్రం చూపించాలి. రోగి బంధువు కూడా డైరెక్టర్ ఎంత తీసుకుంటున్నారో చూడగలగడం మనకు వింతగానే ఉంటుంది.

మెడికల్ డైరెక్టర్ పదవికి ఇంకో చరిత్ర ఉంది. 1960ల మధ్యలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ హెరాయిన్ వ్యసనానికి మెథడోన్ ఇచ్చి చికిత్స చేయవచ్చని చూపారు. మెథడోన్ కూడా నల్లమందు జాతి మందే కాబట్టి, దాన్ని ఇచ్చే క్లినిక్‌లకు ఫెడరల్ నిబంధనలు కఠినంగా ఉన్నాయి. బాధ్యత వహించే స్పాన్సర్ ఒకరు, వైద్య విషయాలన్నిటికీ జవాబు చెప్పే మెడికల్ డైరెక్టర్ ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మందు రాసే అధికారం ఉన్నవాళ్ల ఆదేశం లేనిదే డోసు లేదు.

క్లినికల్ డైరెక్టర్ కౌన్సెలర్లందరి పైన ఉండే మనిషి. రోజువారీ పని నిజంగా నడిచేది ఈ కుర్చీ నుంచే. సోమవారం పొద్దున కేసుల మీటింగు ఊహించండి. ఇరవై రెండేళ్ల కుర్రాడు పది రోజులుగా మందు ముట్టలేదు, ఇంటికి పోతానంటున్నాడు. కౌన్సెలర్ ఇరవై ఏళ్లుగా తాగనివాడు, ‘వీడి కళ్లలో ఇంకా అబద్ధం ఉంది’ అంటాడు. డాక్టరు రక్తపరీక్షలు చూసి ‘విత్‌డ్రాయల్ దశ దాటాడు’ అంటాడు. బిల్లింగ్ మనిషి ఇన్సూరెన్స్ ఏడు రోజులకే ఒప్పుకుందని గుర్తుచేస్తాడు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. నిర్ణయం తీసుకుని దాని కింద సంతకం పెట్టాల్సింది క్లినికల్ డైరెక్టరే.

2008లో వచ్చిన చట్టం మానసిక, వ్యసన చికిత్సలకు ఇన్సూరెన్స్ ఇస్తే శరీర రోగాలతో సమానంగా ఇవ్వాలంది. మిన్నెసోటా సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ పేరు, న్యూమెక్సికో సెనేటర్ పీట్ డొమినీసి పేరు ఆ చట్టానికి పెట్టారు. ఇన్సూరెన్స్ డబ్బు రావడంతో సంస్థలు తమ పేర్లలో ‘బిహేవియరల్ హెల్త్’ అని చేర్చుకున్నాయి: ఒకే కప్పు కింద వ్యసనం, డిప్రెషన్, ఆందోళన అన్నీ. దాని వెంటే దళారులూ వచ్చారు. రోగిని తెచ్చి చేర్పిస్తే కమిషన్ ఇచ్చే దందా ఫ్లోరిడా వంటి చోట్ల పెరిగి, 2018లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని నేరంగా ప్రకటించింది. ఇప్పుడు పెద్ద సంస్థల్లో నిబంధనల అమలు చూసే కాంప్లయెన్స్ అధికారి ఉంటాడు. అందరికీ విసుగు తెప్పించే మనిషి, కానీ ఉండాల్సిన మనిషి.

కోలుకున్నవాళ్ల కుర్చీ కూడా చట్టంలోకి చేరింది. పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ కింద పీర్ సపోర్ట్ (కోలుకున్నవాళ్లు రోగులకు తోడుండే) పనికి రాష్ట్రాలు డబ్బు చెల్లించడానికి 2007లో ఫెడరల్ ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. 2014 చట్టం కింద ఏర్పడిన సర్టిఫైడ్ కమ్యూనిటీ బిహేవియరల్ హెల్త్ క్లినిక్‌ల ప్రమాణాల్లో ఇంకో అడుగు ఉంది. పాలకమండలిలో 51 శాతం చికిత్స పొందినవాళ్లో, వాళ్ల కుటుంబ సభ్యులో ఉండటం ఒక మార్గం. అలా కుదరకపోతే వాళ్ల మాట చెల్లే ఇంకో ఏర్పాటు చూపించాలి.

అధ్యక్షుడి భార్య బోర్డు కుర్చీ

అమెరికా మాజీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ భార్య బెటీ ఫోర్డ్ 1978లో మద్యం, నొప్పి మాత్రల వ్యసనానికి నేవీ ఆసుపత్రిలో చికిత్స పొందారు. కుటుంబమంతా ఎదురుగా కూర్చుని ఆమెకు చెప్పాల్సి వచ్చింది. 1982లో పొరుగింటి మిత్రుడు లియొనార్డ్ ఫైర్‌స్టోన్‌తో కలిసి కాలిఫోర్నియాలోని రాంచో మిరాజ్‌లో బెటీ ఫోర్డ్ సెంటర్ తెరిచారు. పేరు మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. 2005 వరకు బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నారు. సగం చోటు ఆడవాళ్లకు కేటాయించాలని పట్టుబట్టారు. ఆడవాళ్లు తాగుతారని ఒప్పుకోవడమే సిగ్గుగా భావించిన రోజుల్లో ఆ మాటకు బరువుంది. ఆమె తర్వాత కూతురు సూసన్ ఫోర్డ్ బేల్స్ ఆ కుర్చీలోకి వచ్చారు. రోజువారీ నిర్వహణ మాత్రం జాన్ ష్వార్జ్‌లోజ్ అనే వృత్తి నిర్వాహకుడిది. కుటుంబం బోర్డులో, నిర్వహణ బయటివాళ్ల చేతిలో. ఆ విడదీత వల్లే కుటుంబ పాలన అన్న నింద పెద్దగా రాలేదు.

2014 ఫిబ్రవరిలో హేజల్డెన్, బెటీ ఫోర్డ్ సెంటర్ కలిసిపోయి హేజల్డెన్ బెటీ ఫోర్డ్ ఫౌండేషన్ అయ్యాయి. ఆ విలీనానికి ముందే హేజల్డెన్‌లో పాత తగవు మళ్లీ రాజుకుంది. పన్నెండు మెట్ల సంప్రదాయం మత్తుకు మత్తును మందుగా ఒప్పుకోదు. కానీ నొప్పి మాత్రలకు, హెరాయిన్‌కు బానిసలైన రోగులు చికిత్స ముగించి ఇంటికి వెళ్లి, పాత మోతాదు వేసుకుని చనిపోతున్నారు. కొన్నాళ్లు మానిన శరీరం ఆ మోతాదును తట్టుకోలేదు. 2012లో చీఫ్ మెడికల్ ఆఫీసర్ మార్విన్ సెపాలా నాయకత్వంలో హేజల్డెన్ మెథడోన్ లాంటి బూప్రెనార్ఫిన్ మందు వాడటానికి నిర్ణయించింది. సొంత సిబ్బందిలోనే చాలామంది మండిపడ్డారు. అయినా ఆయన మాటను వాళ్లు వినడానికి ఒక కారణం ఉంది: సెపాలా పదిహేడేళ్ల వయసులో హేజల్డెన్‌లో చికిత్స పొందిన రోగి. బడి మానేసిన కుర్రాడు తరువాత మేయో వైద్య కళాశాలలో డాక్టరు అయ్యారు. తాగి మానినవాడు, డాక్టరు ఒక్క మనిషిలోనే ఉన్నప్పుడు వాదనకు బలం వేరు. 2021లో సంస్థ పగ్గాలు జోసెఫ్ లీ అనే సైకియాట్రిస్టు చేతికి వచ్చాయి. కారల్ అనే లాయరుతో మొదలైన సంస్థ డాక్టరు దగ్గరికి చేరడానికి 72 ఏళ్లు.

భారతదేశంలో

మద్రాసులో ఈ కథకు ఒక కొమ్మ ఉంది. కేంద్ర ఆర్థిక మంత్రిగా పనిచేసిన టి.టి. కృష్ణమాచారి మనవడు టి.టి. రంగనాథన్ తాగుడు వ్యసనంతో 1979లో మరణించారు. ఆయన భార్య శాంతి రంగనాథన్ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. అమెరికా వెళ్లి మిన్నెసోటాలో శిక్షణ తీసుకుని, 1980లో భర్త పేరిట క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. చెన్నైలో టీటీకే ఆసుపత్రి అంటే తెలిసినవాళ్లకు అదే. తాగి మానిన మనిషి కాదు, డాక్టరు కాదు. తాగేవాడి ఇంట్లో ఉన్న మనిషి. నాయకత్వపు లెక్కలో ఇది నాలుగో కుర్చీ. రోగితో పాటు ఇంట్లోవాళ్లకు విడిగా కార్యక్రమం పెట్టడం టీటీకేలో మొదటి నుంచీ ఉందంటే కారణం అదే. 1992లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు.

పూణేలో 1986 ఆగస్టు 29న మొదలైన ముక్తాంగణ్ ఇంకో తరహా. అనితా అవచట్ మానసిక వైద్యురాలు, ఆమె భర్త అనిల్ అవచట్ మరాఠీ రచయిత. మరాఠీలు ప్రేమగా పు.ల. అని పిలుచుకునే రచయిత పి.ఎల్. దేశ్‌పాండే ఇచ్చిన విరాళం దీనికి ఊతమైంది. అనిత 1997లో మరణించాక కూతురు ముక్తా పుణతాంబేకర్ నడిపిస్తూ వచ్చారు. అక్కడ కోలుకున్నవాళ్లే ఉద్యోగులుగా చేరడం మామూలు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిచే సమగ్ర పునరావాస కేంద్రాల్లో డాక్టరు, కౌన్సెలర్లు, నర్సులతో పాటు కోలుకున్న వ్యక్తిని పీర్ ఎడ్యుకేటర్‌గా పెట్టుకోవాలన్న నియమం ఉంది. మిన్నెసోటా 1954లో చేసిన పని ఇక్కడ ఒక ఉద్యోగం పేరుగా వచ్చింది. అయితే కుర్చీ బల్ల దగ్గర కాదు, బల్లకు అవతల. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వాడకం వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యం కిందికే తెచ్చింది. అందువల్ల ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరు కావాలి. అవసరం ఎంతుందో చెప్పడానికి ఒక లెక్క చాలు: కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

తెలుగు నేల మీద

తాగుడు మీద తెలుగువాళ్ల పోరాటం ఆసుపత్రిలో మొదలు కాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోసమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. దుకాణం మూయించడం ఊరి ఆడవాళ్ల చేతిలో పని. తాగుడు మానిన మనిషికి రెండో రోజు చేతులు వణికి, మూడో రోజు గదిలో లేని మనుషులు కనిపిస్తే ఏం చేయాలో చెప్పేవాళ్లు ఊళ్లో లేరు.

తెలంగాణలో 2015లో కల్తీ కల్లు దుకాణాల మీద దాడులు పెరిగినప్పుడు ఈ సంగతి బయటపడింది. ఆ కల్లులో ఆల్ప్రజోలం వంటి మందులు కలిపేవారు. ఒక్కసారిగా కల్లు ఆగిపోయేసరికి ఫిట్స్‌తో, భ్రాంతులతో నిజామాబాద్ ప్రాంతంలో రోగులు ఆసుపత్రులకు బారులు తీరారు. తాగుడు ఆపడం మంచిదే గానీ, డాక్టరు లేకుండా ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. సంకల్పబలం ఉంటే చాలు, గదిలో పెట్టి తాళం వేస్తే చాలు అని నమ్మే సెంటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాటి నాయకత్వ బృందం ఏమిటని అడిగితే ఒక మనిషి, ఒక తాళంచెవి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంస్థలు ఎక్కువగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గం అన్నీ కాగితం మీద ఉంటాయి. చాలాచోట్ల అధ్యక్షుడు భర్త, కార్యదర్శి భార్య, కోశాధికారి బావమరిది. చట్టం దీన్ని నేరం అనలేదు. బాగా నడిచే కుటుంబ సంస్థలూ ఉన్నాయి, పైన చెప్పిన చెన్నై, పూణేలే సాక్ష్యం. అయితే అక్కడ డాక్టరుకు విడిగా మాట ఉంది. మన దగ్గర చాలా సెంటర్లలో డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి సంతకం పెట్టి వెళ్తారు.

ఇంట్లో ఎవరినైనా చేర్పించాల్సి వస్తే ముందు జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. సెంటరుకు వెళ్లాక మూడు సంగతులు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం ఏది, రాత్రిపూట ఫిట్స్ వస్తే చూసే డాక్టరు ఎవరు, లోపల ఏదైనా తప్పు జరిగితే డైరెక్టర్‌ను దాటి ఎవరికి చెప్పుకోవాలి. మూడో ప్రశ్నకు డైరెక్టర్ నవ్వి ‘నాకే చెప్పండి’ అంటే, వేరే సెంటరు చూసుకోండి.